జాబితాలో తాత కొట్టు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలీదు. అందరికీ ఆవిడ ధరలమ్మ. గణాంకాల ఆఫీసులో గుమాస్తా. నెలనెలా మొదటి మంగళవారం చంకన ఫైలు పెట్టుకుని వచ్చి, బియ్యం ఎంత, నూనె ఎంత, సబ్బు ఎంత అని అడిగి, రాసుకుని, వట్టి చేతులతో వెళ్లిపోయేది. అలా ధరలు అడగాల్సిన జాబితాలో ఉన్న కొట్లలో గుండుసూది కూడా కొనకూడదని ఆఫీసు నియమం. మొహమాటం మొదలైతే అంకె వంకరపోతుందని. మంచి నియమమే, కాదనను. కాకపోతే పందొమ్మిదేళ్లు దాన్ని పాటించిన మనిషిని రండి, కూర్చోండి అనే కొట్టు ఆ జాబితాలో మిగల్లేదు.

ఒక్క తాత కొట్టు తప్ప. ఆవిడ కనబడగానే తాత స్టూలు తుడిచేవాడు.

"ఈసారైనా కొంటావా తల్లీ, అడగడమేనా?"

"అడగడమే తాతా."

"సరే, అడుగు. అడిగితే పోయేదేముంది!"

నెల మొత్తానికి ఆవిడతో ఎవరైనా నవ్వుతూ మాట్లాడారంటే ఆ నాలుగు ముక్కలే. ఇంటికెళితే ఒక గది, ఒక కుర్చీ, ఒక కంచం.

ఒక మంగళవారం వెళ్లేసరికి కొట్టుకి తాళం. తాత పోయాడని పక్కనున్న చెప్పులు కుట్టేవాడు చెప్పాడు. అలా మూతపడితే ఫారంలో ఆ పేరు తీసేసి ఇంకో కొట్టు ఎంచుకోవాలి. ఆవిడ కలం తీసింది గానీ చెయ్యి ఆడలేదు. కొన్నాళ్లు మూసి ఉంచే కొట్లకి పాత ధరే వేసుకోవచ్చని ఒక వెసులుబాటు ఉంది. "తాత్కాలికంగా మూసివేత" అని రాసి, కిందటి నెల ధరలే దింపేసింది. మర్నెలా అంతే. ఆపై నెలా అంతే. ఫారంలో ఆ పేరు ఉన్నంతకాలం తాత ఎక్కడో ఉన్నట్టే ఉండేది ఆవిడకి.

తర్వాతి నెల, ఆఫీసు ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని బల్ల దగ్గర ఆగింది.

"అమ్మా, ఈసారి మా కూలి పెంచలేదు. ధరలు పెరగలేదని మీ ఆఫీసే లెక్క తేల్చిందంట. నేను కొనబోతే కొరివిలా ఉంటున్నాయే! ఆ పెరగని కొట్టేదో చెబుదురూ, నేనూ అక్కడే కొనుక్కుంటాను."

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఊరంతటికీ ఎంచినవి మూడే కొట్లు. అందులో ఒకటి పోయిన మనిషిది. ధరలమ్మకి తల తీసేసినట్టయింది. తను దిగులు దాచుకుంటే దాని ఖరీదు ఈ చీపురు పట్టిన మనిషి కట్టింది.

ఆ పూటే అధికారి దగ్గరికి వెళ్లి మూడు నెలల సంగతీ చెప్పేసింది. ఆయన చీవాట్లు పెట్టాడు, సంజాయిషీ రాయించుకున్నాడు, అంకెలు సరిదిద్దమన్నాడు. సరిదిద్దితే వచ్చే నెల నుంచి కూలి పెరుగుతుంది. ఆవిడ తాత పేరు మీద గీత పెట్టి, కారణం గడిలో "యజమాని మరణం" అని రాసింది. ఆ రెండు మాటలకీ చాలాసేపు పట్టింది.

సాయంత్రం ఆ వీధికి వెళితే కొట్టు తెరిచి ఉంది. తాత కోడలు మిగిలిన సరుకు మూటలు కడుతోంది. ధరలమ్మ గుమ్మంలోనే ఆగింది. ఇప్పుడీ కొట్టు జాబితాలో లేదు. ఇక్కడ కొనొచ్చు.

"ఒక సబ్బు ఇస్తావా అమ్మా?"

కోడలు ఆవిడ చంకలోని ఫైలు చూసి నవ్వింది. "మీరు ధరలమ్మగారు కదూ? అడగడమే గానీ కొనరని మావయ్య చెప్పేవారు."

"ఈసారి కొంటాను."

స్టూలు ఆ మూలే ఉంది, దుమ్ము కొట్టుకుపోయి. ఆవిడే చేత్తో తుడుచుకుని కూర్చుంది. కోడలు సబ్బు తెచ్చి ఇచ్చింది. ధరలమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ధర అడగడం మర్చిపోయింది.