బల్ల ఆదివారానికి ముందు సాయంత్రం

తెల్ల చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు. నాకు బాగా తెలిసిన సవరింపే అది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం ప్రతి నెలా ఆయన ఆ గుమ్మంలోనే నిలబడి అదే మాట అంటారు. "నావల్ల ఏమైనా పొరపాటు జరిగుంటే మనసులో పెట్టుకోకు. క్షమించు." నేను "సరేలెండి, క్షమించాను" అంటాను. ఆయన హమ్మయ్య అనుకుని టీవీ ముందుకి వెళ్తారు. మర్నాడు చర్చిలో సంఘ పెద్ద హోదాలో రొట్టె పళ్లెం పట్టుకుని వరస వరసకీ తిరుగుతారు. ఇంట్లో మనిషితో సమాధానపడకుండా ఆ పళ్లెం ముట్టుకోకూడదని మా సంఘంలో నియమం. ఆయన ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. క్షమించేదాన్ని నేనున్నాక తప్పాల్సిన అవసరమేముంది?

ఆ "ఏమైనా" అన్న మాటలోనే ఉంది కిటుకంతా. పెళ్లైన కొత్తలో ఒకసారి, "ఏ పొరపాటుకండీ?" అని అడిగాను. "అవన్నీ తవ్వుకుంటూ కూర్చుంటే ఇక క్షమాపణేముంది?" అన్నారు. అత్తయ్య పక్క గదిలోంచి అందుకుంది. "మగాడు నోరు తెరిచి అడగడమే గొప్పమ్మాయ్. ప్రభువు సిలువ మీద ఉండి క్షమించాడు, నువ్వు పొయ్యి దగ్గరుండి క్షమించలేవూ?" నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత ఆ నవ్వు ఎటుపోయిందో తెలియదు. ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే అంట్లగిన్నెలు పలకరిస్తాయి. చుట్టాల ముందు, "మా ఆవిడ ఊళ్లోవాళ్ల పిల్లలందర్నీ పుట్టిస్తుంది, టైముకి టీ మాత్రం పుట్టించలేదు" అంటారాయన. అందరూ నవ్వుతారు, టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను. అవన్నీ ఆ "ఏమైనా" అనే మూటలోకి పోతాయి. మూట విప్పకుండానే నేను క్షమించేస్తాను.

ఈసారి పొరపాటుకి పేరుంది. నేను కాన్పుల వార్డులో నర్సుని. ఇన్‌చార్జిగా ఉన్నావిడ రిటైరవుతోంది. ఆ కుర్చీ నాదేనని వార్డులో ఆయాలతో సహా అందరూ అనుకుంటున్నారు, నేనూ అనుకుంటున్నాను. ఈ ఉదయం మేట్రన్ గారు పిలిచి, "మీ ఆయన వచ్చి వెళ్లారమ్మా. ఇంట్లో ఇబ్బందట కదా, నీకు వద్దన్నావట. సాయంత్రం ఇంకొకరి పేరు పైకి పంపేస్తున్నాను" అన్నారు. నాకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. అది నా మాట కాదని అక్కడే చెప్పాల్సింది. కానీ అలవాటైన నోరు, "ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తాను మేడమ్, అప్పటిదాకా ఆగండి" అంది. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

అందుకే ఇవాళ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "దేన్ని క్షమించాలో పేరు పెట్టి అడగండి" అన్నాను.

ఆయన మొహం మారింది. "మేట్రన్ చెప్పిందా? నీ మంచికే చెప్పానే. ఇన్‌చార్జి అంటే మాటలా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇల్లెవరు చూస్తారు? నువ్వెలాగూ నన్నడిగేదానివి, నేనెలాగూ వద్దనేవాణ్ణి. ఆ ముక్కేదో ముందే చెప్పొచ్చాను."

"బాగుంది. నేను అడగడం, మీరు కాదనడం రెండూ మీరే కానిచ్చేశారన్నమాట."

"సరే, తప్పే. అడుగుతున్నాగా క్షమించమని. కృప అంటే అర్హత లేనివాడికి ఊరికే దొరికేదని పాస్టరుగారు చెప్పలేదూ? క్షమించేశాక ఇక ఆ ఊసెత్తకూడదు. రేపు నేను పళ్లెం పట్టుకోవాలి."

క్షమించను అంటే చాలు. రేపు ఆయన పళ్లెం వదిలేసి వెనక బెంచీలో కూర్చోవాలి, ఎందుకని ఊరంతా అడుగుతుంది. మధ్యాహ్నం నుంచీ ఆ దృశ్యాన్ని తలుచుకుంటే నాకు నోరూరుతోంది. లేదా బేరం పెట్టొచ్చు. మీరెళ్లి మేట్రన్‌కి చెప్పి రండి, అప్పుడు క్షమిస్తాను అనొచ్చు. అదీ ఆలోచించాను. కానీ బేరం పెట్టాక అది కృప ఎలా అవుతుంది? పైగా నా కుర్చీ కోసం మళ్లీ ఆయన్నే పంపడం ఏమిటి నా మొహం. అసలు కృప గురించి ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, సగంలో ఆపేశారంతే. పన్నుల పేరుతో జనాన్ని దోచి, ప్రభువు పిలిస్తే చెట్టు దిగివచ్చిన ఆ పొట్టి సుంకరి కథ మా సంఘంలో పసిపిల్లలకి కూడా తెలుసు. నీ ఇంటికి వస్తాను అని ప్రభువు అన్నది ముందు. దోచుకున్నది తిరిగిచ్చేస్తానని సుంకరి లేచి నిలబడింది తర్వాత. ఎవరూ షరతు పెట్టలేదు. అలాగని, క్షమాపణ దొరికింది కదా అని సుంకరి దోచిన సొమ్ము ఇంట్లో దాచుకోనూ లేదు.

నా వార్డులోనూ రోజూ చూస్తుంటాను. నొప్పుల్లో ఉన్న ఆడవాళ్లు నన్ను తిట్టని తిట్టు ఉండదు. బిడ్డ బయటపడేసరికి అవేవీ నాకు గుర్తుండవు. అయినా ఆ నొప్పుల మధ్యలో లేచి ఇంటికి పోతామంటే మాత్రం ఒప్పుకోను. ఆ రెండూ ఒకే చేత్తో చేస్తున్నాను ఇన్నేళ్లుగా. అది ఇంట్లో చేతకాదని ఎందుకనుకున్నానో!

గుమ్మంలో ఆయన బనీనుతో నిలబడి నా నోటి వంక చూస్తున్నారు. భయపడుతున్నారు. నేను ఇంకాస్త పెద్దదాన్నయితే ఈ ఇంట్లో తన ఎత్తు ఎంతవుతుందోనన్న భయం. వాళ్లమ్మ పెంచిన భయం అది, నేనూ ఇన్నేళ్లు నీళ్లు పోశాను. చూస్తూ ఉండగానే నా కోపం పోయింది. నటన కాదు, నిజంగా పోయింది. ఛాతీలో చోటు ఖాళీ అయినట్టయింది, ఊపిరి బాగా ఆడింది. ఇంతకాలం అన్నవన్నీ ఉత్త మాటలనీ, నిజంగా క్షమించడం ఇదే మొదటిసారనీ అప్పుడు తెలిసింది.

"క్షమించాను," అన్నాను.

"అద్గదీ," అంటూ ఆయన వెనక్కి తిరిగారు.

నేను ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసేసి మేట్రన్ గారికి ఫోన్ చేశాను. "మేడమ్, మా ఆయన చెప్పింది నా మాట కాదు. వార్డు నేను చూసుకుంటాను. నా పేరే పంపండి."

"ఇంట్లో మాట్లాడావా అమ్మా?"

"మాట్లాడానండీ. కానీ నిర్ణయం నాది."

ఆవిడ అటువైపు చిన్నగా నవ్వారు. "ఇది నీ నోటితో వినాలనే ఆపాను. సోమవారం వచ్చి తాళాలు తీసుకో," అన్నారు.

ఫోన్ పెట్టేసరికి ఆయన మళ్లీ నా ఎదురుగా ఉన్నారు. కోపం కూడా రాలేదాయనకి, లెక్క తప్పినవాడిలా ఉన్నారు. "క్షమించానన్నావుగా. మరి ఇదేంటి?"

"క్షమించకపోయి ఉంటే, ఆ ఫోన్ చెయ్యకుండా మిమ్మల్ని సాధిస్తూ ఇక్కడే ఉండిపోయేదాన్నండీ."