మిర్చి పురుడు

నా మనవరాలు ఉదయశ్రీ బ్యాగు సర్దుకుంటుంటే మంచం మీద కూర్చుని చూస్తున్నాను. ల్యాప్‌టాప్, చార్జరు, రెండు చుడీదార్లు. బెంగళూరులో ఆఫీసు పని, శుక్రవారం వచ్చేస్తానంది. జిప్పు లాగి నా వైపు తిరిగింది.

"అమ్మమ్మా, మిర్చి తిండి మానేసింది. గుడ్లు పెట్టే వేళయింది. నువ్వు కంగారుపడకు."

"నేనెప్పుడు కంగారుపడ్డానే?"

"అవును, నీకసలు ఆ అలవాటే లేదు," అంటూ చెప్పులేసుకుంది.

మిర్చి ఆమె పెంచుకుంటున్న ఊసరవెల్లి. విదేశీ జాతి. తల మీద టోపీలా లేచిన ఎముక, పచ్చని ఒంటి మీద పసుపు చారలు. వెనక గదిలో నిలువెత్తు జాలీ పంజరంలో, మనీప్లాంటు తీగల మధ్య ఉంటుంది. గుడ్లు పెట్టడానికి అది తడి ఇసుకలో గొయ్యి తవ్వుకోవాలట. పెట్టలేకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి ప్రాణం పోతుందని మదీనాగూడ డాక్టరమ్మ శ్రీలత చెప్పింది.

పక్కన కడుతున్న టవర్ దగ్గర్నుంచి మా వాచ్‌మన్ నర్సింహ బకెట్‌తో ఇసుక తెచ్చాడు.

"ఏంది పెద్దమ్మా, ఇల్లు కడ్తున్నవా?"

"ఊసరవెల్లి గుడ్లు పెట్టడానికి."

"మగది లేదు గద. గుడ్లెక్కడియి?"

"మీ ఇంట్లో కోడిపెట్ట పుంజు లేకుండా గుడ్లు పెట్టదా?"

"పెడ్తది," అని తల గోక్కున్నాడు. "గట్లయితే ఇంకో బకెట్ తేవాల్నా?"

నొప్పులు పడే మనిషిని ఒంటరిగా వదలకూడదు. నాకు తెలిసిన పద్ధతి అదే. ఇసుక తడిపి, బకెట్‌ని పంజరంలో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. మిర్చి కిందికి దిగేది, ఇసుక కాస్త గోకేది, ఒక కన్ను నా వైపు తిప్పేది, ఆగిపోయేది. మళ్ళీ కొమ్మెక్కేది. "తవ్వమ్మా, నేనున్నానుగా," అనేదాన్ని. మర్నాడూ అంతే. ఒళ్ళు నల్లబడింది. పట్టపగలే కళ్ళు మూసుకోవడం మొదలెట్టింది. డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"మీరెక్కడ కూర్చుంటున్నారమ్మా?" అని అడిగిందావిడ.

"దాని ఎదురుగానేనండి. కాఫీ కూడా అక్కడే తాగుతున్నాను."

"ఎవరైనా చూస్తుంటే అది పెట్టదమ్మా. తనని తినడానికి కూర్చున్నారనుకుంటుంది. పంజరానికి బట్ట కప్పి, తలుపేసి వెళ్ళిపోండి. సాయంత్రందాకా తొంగి చూడకండి. అప్పటికీ పెట్టకపోతే తీసుకురండి, ఆపరేషన్ చెయ్యాలి. ఇంత నీరసంలో తట్టుకుంటుందో లేదో చెప్పలేను."

నా నూలు చీర పంజరం చుట్టూ కట్టాను. గదిలోంచి బయటికి వచ్చాక తలుపు వెయ్యడానికి నా చెయ్యి రాలేదు. చాలాసేపు గడియ పట్టుకుని నిలబడి, చివరికి వేసేశాను. ఇంట్లో ఉంటే తొంగిచూస్తానని కిందికి దిగి గేటు దగ్గర కూర్చున్నాను. రాయదుర్గం వైపు ఆఫీసు క్యాబులు పోతూనే ఉన్నాయి. నేను లేచినప్పుడల్లా నర్సింహ ఆపాడు.

"కూసో పెద్దమ్మా. జర చాయ్ తాగు. నువ్వు ముంగట కూసుంటే గుడ్లు బిరాన వస్తయా?"

"ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

"దానికి సిగ్గుంటది గద," అన్నాడు.

ఎండ పూర్తిగా తగ్గాక పైకి వెళ్ళి చీర పక్కకి జరిపాను. బకెట్‌లో ఇసుక చదునుగా ఉంది, నేను పెట్టినప్పటిలాగే. తర్వాత కొమ్మ మీద మిర్చిని చూశాను. గోళ్ళ నిండా తడి ఇసుక. ఉబ్బెత్తుగా ఉండే పక్కలు లోపలికి అతుక్కుపోయాయి. గుడ్లన్నీ పెట్టేసి, పైన ఇసుక కప్పి, తొక్కి చదును చేసింది పిచ్చితల్లి.

ఆకుల మీద నీళ్ళు చల్లాను. తలెత్తి ఒక్కో బొట్టూ నాకుతూ ఎంతసేపో తాగింది. నేను నేల మీదే కూర్చుండిపోయాను. మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు.

ఫోన్‌లో ఉదయశ్రీ అడిగింది, "ఎన్ని పెట్టింది?"

"తవ్వి చూడలేదు. ముందు దాన్ని తాగనీ."

"నువ్వేమైనా తిన్నావా?"

"ఇప్పుడు తింటాను. ఇప్పుడు ఆకలేస్తోంది."

పొద్దున్న కాల్షియం పొడి అద్దిన పురుగుని పట్టుకెళితే, నాలుక చాచి లటుక్కున లాగేసుకుంది. ఒళ్ళు మళ్ళీ పచ్చబడింది.

మా అక్క మాణిక్యాంబకి నొప్పులు వచ్చినప్పుడు, నన్ను ఆమె పక్కనుంచి లేపి, బయటికి పంపి, తలుపేశారు. ఆమె ఆ గదిలోంచి తిరిగి రాలేదు. 1964, శ్రావణమాసం.