బతికున్నవాడి బొమ్మ

నా తమ్ముడి ముఖం గోడకెక్కుతుందేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. ఉత్తర ఫిలడెల్ఫియాలో, మా వీధిలో, గోడ మీద ఎవరి ముఖమైనా వేశారంటే ఆ మనిషి ఇక లేడని అర్థం. తుపాకీకి పోయినవాళ్లు, పోలీసుల చేతుల్లో పోయినవాళ్లు అందరూ లాండ్రీ షాపు పక్క గోడ మీదే ఉన్నారు.

అమ్మ పోయాక చదువు మానేసి తమ్ముడు కోర్డెల్‌ని నేనే పెంచాను. పదహారేళ్లవాడు. దొంగ కారులో వెనక సీట్లో కూర్చున్నాడని పిల్లల జైల్లో పెట్టారు. విచారణ ఇంకా మొదలవలేదు. ఓడెసా అనే చిత్రకారిణి అక్కడికి వెళ్లి, పిల్లలచేత పల్చటి గుడ్డల మీద బొమ్మలు వేయిస్తుంది. వాళ్లు గోడ దగ్గరికి రాలేరు కాబట్టి, ఆ గుడ్డల్నే తెచ్చి జిగురుతో గోడకి అంటిస్తారు.

ఈసారి ఒక గుడ్డ విప్పితే కోర్డెల్ ముఖం! పెదవి మీద గాటుతో సహా వాడే వేసుకున్నాడు.

"అంటించొద్దు!" అన్నాను. చంకలో ఉన్న నా పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

"వాడే అడిగాడు తల్లీ. 'చచ్చాక అందరూ చూస్తార్లే, బతికుండగా నన్నెవరు చూస్తారు?' అన్నాడు," అంది ఓడెసా.

పాపని ఆమెకిచ్చి, గుడ్డ వెనక జిగురు నేనే రాశాను.

మర్నాటికి గోడ కింద, పోయినవాళ్లకి పెట్టినట్టే, కొవ్వొత్తులు, బెలూన్లు, ఎలుగుబంటి బొమ్మలు. ఎదురింటి మిస్ ఎర్నెస్టీన్, చావింటికి తెచ్చినట్టు, వేయించిన కోడి ఉన్న పళ్లెంతో ఏడ్చుకుంటూ వచ్చింది.

"ఎప్పుడు పోయాడే నా తండ్రి? నాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"వాడు బతికే ఉన్నాడు మిస్ ఎర్నెస్టీన్!"

"బతికుంటే గోడ మీద ఏం చేస్తున్నాడే? పొద్దున్నించీ ఏడుస్తున్నాను!"

"ఆ కోడి ఇటివ్వండి, ఆకలేస్తోంది."

"చావు లేని ఇంటికి రెక్క ముక్కే. మిగతాది నాది." కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. కాసేపు గోడకేసి చూసి, "జైల్లో ఉన్నాడని తెలిసి కూడా ఒక్కసారైనా చూడ్డానికి వెళ్లలేదు. పోయాడనుకోగానే పళ్లెం పట్టుకొచ్చాను," అంది మెల్లగా.

జైల్లో ఆదివారాలు చూడనిస్తారు. పాపకి జ్వరం, ఈ వారం నేను కదల్లేను. మిస్ ఎర్నెస్టీన్‌కి మోకాళ్లు వాచాయి. ఇది చదువుతున్న మీరు దగ్గర్లో ఉంటే నాకు చెప్పండి, గేటు దగ్గర మీ పేరు రాయిస్తాను. కోర్డెల్ ఎలా ఉన్నాడో, సరిగ్గా తింటున్నాడో లేదో, ఒక్కసారి చూసి రండి.