నిమ్మకాయలో లేని ఉంగరం

చిట్కుల్‌లో రాజవ్వ ఇంటి పైగదిలోకి నాగేశ్వరి వచ్చింది పిల్లకు చదువు చెప్పడానికే. రాజవ్వ కొడుకు సందీప్ లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. కోడలు శ్రీలత ఇస్నాపూర్ అవతల మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పొద్దున్నే పోతుంది. పదకొండేళ్ల మనవరాలు నిషిత బడి విడవగానే పుస్తకాల సంచీ గుమ్మంలో పడేసి మాయమవుతుందని రాజవ్వ బెంగ.

"కిరాయి గిరాయి ఏం వద్దమ్మా. మాతోనే తిను, మా ఇంట్లనే ఉండు. పిల్లకు లెక్కలు, ఇంగ్లీషు మంచిగ చెప్పు, గంతే," అన్నది రాజవ్వ.

నాగేశ్వరి మంచి టీచరే. గట్టిగా మాట్లాడదు, చెయ్యెత్తదు. ఆ కుడిచెయ్యి అసలు బయటికే తీయదు, ఎప్పుడూ పైట కింద దాచుకుంటుంది. ఎడమచేత్తోనే రాస్తుంది, ఎడమచేత్తోనే తింటుంది. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం డాబా మీద పిల్లలు గచ్చకాయలు ఆడుతున్నారు. ఆట మధ్యలో మాటిమాటికీ గొడవ. ఒక కాయ తగ్గుతోంది, వెతుకుతున్నారు, మళ్లీ దొరుకుతోంది. నాగేశ్వరి బట్టలు ఆరేస్తూ చూసింది. పిల్లలందరూ కిందికి దిగిపోయాక నిషితను పిలిచింది.

"ఆ కాయ ఎక్కడ పెడుతున్నావు?"

"ఏ కాయ మేడం?" అని నిషిత రెండు అరచేతులూ చాపింది. ఖాళీ. వేళ్ల సందుల్లో కూడా ఏమీ లేదు. ఒక పిడికిలి మూసి తెరిచింది. కాయ అందులో ఉంది.

"ఎవరు నేర్పారు?"

"ఎవ్వలు నేర్పలే. అట్లనే వస్తది."

నాగేశ్వరి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ ఒక్క విద్య కోసం తన తండ్రి భీమశంకరం ఒక కుర్రాడిని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, ఏళ్లకేళ్లు సాధన చేయించాడు. ఈ పిల్ల ఆటలో పట్టేసింది.

ఆ సాయంత్రం నుంచి లెక్కలు తొందరగా ముగిసేవి. తరవాత గది తలుపు దగ్గరగా వేసుకుని వేరే చదువు మొదలయ్యేది. నాణేన్ని వేళ్ల మీద నడిపించడం, చూసేవాళ్ల కళ్లను ఒక చేతి మీద నిలిపి రెండో చేత్తో పని కానివ్వడం, అబద్ధం ఆడుతున్నప్పుడు ఊపిరి మారకుండా చూసుకోవడం. నాగేశ్వరి మాటలతో చెప్పేది, ఎడమచేత్తో సగం చూపించేది. మిగతా సగం నిషిత తనే పూర్తి చేసేది. కొన్నిసార్లు చెప్పినదానికంటే బాగా చేసేది. అలాంటప్పుడు నాగేశ్వరి మళ్లీ చెయ్యమనేది.

"మేడం, ఆ చేత్తోని ఎందుకు చూపియ్యరు?" అని ఒక రోజు అడిగింది నిషిత.

నాగేశ్వరి చేతి మీది పైట తొలగించింది. మూడు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, చర్మం ముడతలు పడి, నిగనిగలాడుతూ ఉంది ఆ చెయ్యి. నిషిత కళ్లు తిప్పుకోలేదు. వంగి దగ్గరగా చూసింది.

"గిది ఎట్లయింది?"

నాగేశ్వరి చెప్పింది. భీమశంకరం కోస్తా నుంచి వచ్చి ఇక్కడి పెద్ద ప్లాంటులో లేతు మిషను మీద పనిచేశాడు. సెలవు రోజుల్లో ఇంద్రజాలం. తన పెట్టెలు, గొళ్లాలు, గుప్త అరలు తనే తయారుచేసుకునేవాడు. క్వార్టర్లలో ఆయన ప్రదర్శనంటే నేల ఈనినట్టు జనం. కళ్యాణ్ అనే కుర్రాడు శిష్యుడిగా ఇంట్లోనే పెరిగాడు, నాగేశ్వరిని అక్కా అని పిలిచేవాడు. ఆమెను పెట్టెలో పెట్టి నిప్పంటించే ఆట ఒకటి ఉండేది. లోపలి గొళ్లెం ప్రదర్శనకు ముందు సరిచూడటం కళ్యాణ్ పని. ఒక రోజు ఫోన్‌లో మాట్లాడుతూ చూడకుండా వదిలేశాడు. గొళ్లెం బిగుసుకుపోయింది.

"తరవాత వేదికెక్కి ఏం చెప్పాడో తెలుసా? అక్క పిరికిది, భయపడి తప్పు చేసింది అన్నాడు. జనం నమ్మారు. మా నాన్న కూడా కొన్నాళ్లు నమ్మాడు. నిజం తెలిశాక ఆయన మంచం దిగలేదు. ఆయన ఆటలన్నీ ఇప్పుడు వాడివి. నా సొంత సృష్టి అని చెప్పుకుంటాడు. నాన్న పేరు ఎక్కడా ఎత్తడు."

నిషిత ఆ అతుక్కున్న వేళ్లను మెల్లగా తాకింది. తరవాత, "వాణ్ని ఏం చెయ్యాలె మేడం?" అంది.

ఆ ప్రశ్న కోసమే నాగేశ్వరి ఎదురుచూస్తోంది. ఆ సంగతి ఆమెకే అప్పుడు తెలిసింది.

శ్రీలత పనిచేసే కంపెనీలో మార్చిలో భద్రతా వారోత్సవాలు. ఆఖరి రోజు కార్మికుల పిల్లల కోసం మ్యాజిక్ షో. కళ్యాణ్ ఫొటో ఉన్న పోస్టర్‌ను శ్రీలతే ఫోన్‌లో చూపించింది, పిల్ల సంబరపడుతుందని. ఆ షోలో అతని పెద్ద ఆట ఏదో నాగేశ్వరికి తెలుసు. అది భీమశంకరం కట్టిన ఆట. ఒక పెద్దమనిషి ఉంగరం అడిగి తీసుకుని రుమాలులో చుడతారు, ఒక పిల్ల చేతికి పట్టుకోమని ఇస్తారు. రుమాలు దులిపితే ఉంగరం ఉండదు. పళ్లెంలో తెచ్చిన నిమ్మకాయను కోస్తే అందులో ఉంటుంది.

"రుమాలు అంచులో ఉత్తుత్తి ఉంగరం కుట్టి ఉంటుంది. నీ చేతికి తగిలేది అదే," అని నాగేశ్వరి వివరించింది. "అసలుది వాడు పళ్లెంలో గుడ్డ మడత కిందికి జారుస్తాడు. వాడి పక్కనుండే అమ్మాయి ఆ పళ్లెం తెర వెనక్కి తీసుకుపోయి, ఉంగరాన్ని కాయలోకి తోసి తెస్తుంది. పళ్లెం నీ ముందు నుంచే పోతుంది. అప్పుడు తియ్యాలి."

"నన్నే పిలుస్తడని ఏం నమ్మకం?"

"తన కాళ్ల వైపు చూసుకునే పిల్లను పిలవమని మా నాన్న నేర్పాడు. భయపడే పిల్ల చేతుల్ని ఎవరూ అనుమానించరు. ముందు వరసలో కూర్చో. తలెత్తకు."

కాయ కోసి ఖాళీ చూసి కళ్యాణ్ తెల్లబోయినప్పుడు, నిషిత దిగి వచ్చి ఉంగరం నాగేశ్వరికి ఇవ్వాలి. నాగేశ్వరి వేదికెక్కి దాన్ని పెద్దమనిషికి అప్పజెప్పి, ఈ ఆట ఎవరిదో, తన చెయ్యి ఎందుకు ఇలా ఉందో అందరి ముందూ చెప్పాలి. ఆ మాటల్ని ఆమె గదిలో ఒంటరిగా ఎన్నిసార్లు అనుకుందో. స్నానం చేస్తూ అనుకుంది, అన్నం కలుపుతూ అనుకుంది. ప్రతిసారీ తండ్రి పేరు దగ్గర ఆగిపోయేది. అక్కడ ఆగకూడదని మళ్లీ మొదటి నుంచి అనేది.

ఆ రోజు కంపెనీ ఆవరణలో షామియానా వేశారు. కళ్యాణ్ ఒళ్లు చేశాడు, మెరుపుల కోటు వేసుకున్నాడు. అతనికి పళ్లెం అందించే అమ్మాయి పేరు శ్రావ్య అని అతనే చెప్పాడు. పద్దెనిమిదేళ్లుంటాయేమో, నవ్వు మొహం. నిషిత ముందు వరసలో తల దించుకుని కూర్చుంది. కళ్యాణ్ చూపు పిల్లలందరి మీదుగా పోయి వెనక్కి వచ్చి ఆమె దగ్గర ఆగింది.

"ఆ రెండు జడల పాపా, భయపడకు, ఇలా రా."

జనరల్ మేనేజర్ తన ఉంగరం తీసి ఇచ్చాడు. రుమాలు, పళ్లెం, కళ్యాణ్ జోకులు. వెనక వరసలో నిలబడ్డ నాగేశ్వరి కళ్లార్పకుండా చూసింది. ఎక్కడ జరగాలో, ఏ క్షణంలో జరగాలో తెలిసిన మనిషి ఆమె. అయినా నిషిత చెయ్యి కదలడం ఆమెకు కనిపించలేదు. తప్పిపోయిందేమో అనుకుంది.

శ్రావ్య తెర వెనక నుంచి వచ్చినప్పుడు నవ్వు లేదు. కళ్యాణ్‌కేసి తల అడ్డంగా ఊపింది. అతను చూడలేదు. మాటల జోరులో కాయ కోశాడు. రసం కారింది. లోపల ఏమీ లేదు. ఇంకో ముక్క కోశాడు. జనం అదీ ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాయి. మేనేజర్ ముందుకు వంగాడు.

కళ్యాణ్ శ్రావ్య వైపు తిరిగాడు. మైకు తీయడం మరిచిపోయాడో, కావాలనే అన్నాడో.

"క్షమించాలండీ. కొత్తమ్మాయి, భయపడి తప్పు చేసింది. ఏం శ్రావ్యా, ఎక్కడ పెట్టావు? అందరూ చూస్తున్నారు, ఇచ్చెయ్యి."

"నేను తియ్యలేదు సార్," అంది శ్రావ్య. రెండు చేతులూ చాపి చూపించింది. ఆమె చున్నీ దులపమని మొదటి వరసలోంచి ఎవరో అన్నారు.

 ఒకనాడు నాగేశ్వరి మీద చెప్పిన మాటలే అవి. ఆమె వేదిక వైపు నడవబోయింది. అంతలో కళ్యాణ్ వంగి నిషితను, "పాపా, నువ్వేమైనా చూశావా?" అని అడిగాడు. నిషిత తలెత్తింది. ఆ షోలో మొదటిసారి. మైకు ఆమె మాటనూ అందుకుంది.

"సారు కోటు జేబుల సూడుండ్రి. అండ్లనే ఏసుకున్నడు."

మేనేజర్ పక్కనున్న సెక్యూరిటీ అధికారి వేదికెక్కి జేబులో చెయ్యి పెట్టాడు. ఉంగరం బయటికి తీశాడు. షామియానా అంతా గోల. ఎవరో దొంగ అని అరిచారు. ఫోన్లు పైకి లేచాయి. నీళ్ల సీసా ఒకటి వచ్చి వేదిక మీద పడింది. నాగేశ్వరి ముందుకు రావాలని చూసింది, ఎవరూ దారి ఇవ్వలేదు. ఆమె మాటలు నోట్లోనే ఉండిపోయాయి.

గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల మధ్య నిలబడ్డ కళ్యాణ్ ఆమెను చూశాడు. ముందు మొహం, తరవాత పైట కింద చెయ్యి.

"నువ్వా అక్కా," అన్నాడు నెమ్మదిగా. "ఆ పిల్ల చెయ్యి చూసినప్పుడే అనుకోవలసింది. అది భీమశంకరం మాస్టారి చెయ్యి." ఒక అడుగు దగ్గరికి వచ్చి, "నేను దొంగను కాదు. ఆ సంగతి నీకు తెలుసు," అన్నాడు.

"నేను పిరికిదాన్ని కాదని నీకూ తెలుసు," అంది నాగేశ్వరి. "తెలిసి ఎన్నేళ్లు ఊరుకున్నావు?"

 జవాబు కోసం ఆమె ఆగలేదు.

ఆటోలో ఆమె నిషితను ఒళ్లోకి లాక్కుంది. "జేబులో వెయ్యమని నేను చెప్పలేదే," అంది.

"ఆ అక్కను దొంగ అనవట్టె. నాకు కోపమొచ్చింది," అంది నిషిత. "మీరు చెప్పినదానికంటె గిదే మంచిగయింది కద?"

అయింది. నాగేశ్వరి తన సంతోషాన్ని దాచుకోలేదు. వీడియో పటాన్‌చెరు దాటి పాకిపోయింది. కళ్యాణ్ ఒప్పుకున్న ప్రదర్శనలు ఒక్కొక్కటే రద్దయ్యాయని విన్నప్పుడు ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నది. తండ్రి పేరు ఎవరికీ వినపడలేదన్న బాధ ఉంది. అయినా ఆ వీడియోలో కళ్యాణ్ మొహం చూడటం ఆమెకు విసుగు పుట్టించలేదు. కోసిన కాయలో ఖాళీ కనిపించే చోట ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి చూసేది.

కొత్త ఆట మొదలుపెడదామని ఒక సాయంత్రం పట్టు గుడ్డ తీసింది. గాలిలో తేలినట్టు కనిపించే ఆట, తండ్రికి ఎంతో ఇష్టమైనది. నిషిత కాసేపు చూసి, "ఇది ఎవరి మీద చెయ్యాలె?" అని అడిగింది.

"ఎవరి మీదా కాదు. చూడటానికి అందంగా ఉంటుంది."

"మరెందుకు?" అంది నిషిత, నిజంగా అర్థంకాక. తరవాత మామూలుగా చెప్పింది. బడిలో తనతో చదివే, పక్క వీధి శివమ్మ మనవరాలు తనను లారీవాని బిడ్డ అని వెక్కిరించేదట. హిందీ టీచర్ గడియారం తీసి ఆ పిల్ల సంచిలో పెట్టింది. ఆ పిల్లను దొంగ అని బడి నుంచి పంపించేశారు. "ఎవ్వరు చూడలే మేడం. ఊపిరి గూడ మారలే."

నాగేశ్వరి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల మెప్పు కోసం తన మొహంలోకి చూస్తోంది.

ఆమె కిందికి దిగింది. రాజవ్వ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చెయ్యి సంగతి, కళ్యాణ్ సంగతి, గడియారం సంగతి, ఏదీ దాచకుండా చెప్పి, "రేపు గది ఖాళీ చేస్తానండీ," అంది.

రాజవ్వ గిన్నె పక్కన పెట్టింది. "యాడికి వోతవ్? నా మనవరాలికి గిది అంటించి నువ్వు వోతే నేనేం చెయ్యాలె? నువ్వే తెచ్చినవ్, నువ్వే తీసెయ్యి. అప్పటిదాంక ఈ గడప దాటేది లేదు." గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుని, "ఆ చెయ్యి గట్ల దాచుకోకు. చెమటకు ఇంక పాడయితది," అంది.

మర్నాడు నాగేశ్వరి నిషితను తీసుకుని బడికి పోయింది. హెడ్మాస్టర్ గదిలో శివమ్మ, ఆమె మనవరాలు కూడా ఉన్నారు. తీసింది ఎవరో, ఆ విద్య నేర్పింది ఎవరో నాగేశ్వరి చెప్పింది. నిషిత మొదట నమ్మలేనట్టు చూసింది. తరవాత మొహం ఎర్రబడింది. క్షమించమని అడగమంటే అడిగింది, ఒక్క తడబాటు లేకుండా, గొంతులో ఏమీ లేకుండా. శివమ్మ మనవరాలు ఆమెకేసి చూడకుండా నాయనమ్మ చెంగు పట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు నిషిత దూరంగా నడిచింది. కంపెనీ బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. నాగేశ్వరి ఆగి వెనక్కి చూసింది. పిల్ల ఆమెనే చూస్తోంది, తల దించకుండా. ఆ చూపు నాగేశ్వరికి బాగా తెలుసు. ఏళ్ల తరబడి అద్దంలో చూసుకున్నదే.

"నా మీద పగ తీర్చుకుంటావా?"

నిషిత ఆలోచించింది. "తెల్వదు," అంది.

"సరే. తెలిసినప్పుడు చెప్పు. నేను ఎక్కడికీ పోను," అంది నాగేశ్వరి.

సాయంత్రం ఆమె కుడిచెయ్యి పైట కింది నుంచి బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చుంది, లెక్కల పుస్తకం తెరిచి. నిషిత చాలాసేపటికి వచ్చింది. ఎదురుగా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, లెక్క చదవమంది.