ఏటి ఒడ్డున ఎంగిలి

పైన కొండల్లో ఎక్కడో గట్టి వాన పడినట్టుంది. ఏరు ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ పారుతోంది. వంతెనను గొడవల రోజుల్లో పేల్చేశారు, ఆ తర్వాత ఎవరూ కట్టలేదు. నీళ్ళు తీసేదాకా లారీ దాటదన్నాడు డ్రైవరు. తెల్లవారకముందే బూకా పట్నం ఎదుటి రేవులో ఎక్కిన జనం బియ్యం బస్తాల మీదినుంచి, కిరోసిన్ డబ్బాల మీదినుంచి ఒక్కొక్కరే దిగారు. స్కొలాస్టికా అందరికంటే ఆఖరున దిగింది. నడుం పట్టేసింది.

ఆమెకు యాభై దాటాయి. సముద్రం అవతల రబౌల్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పడవలు బందైన రోజుల్లో దొంగచాటుగా పడవెక్కి ఈ బూగన్‌విల్ దీవి వదిలిన మనిషి, తిరిగి ఈ దక్షిణపు తోవ పట్టడం ఇదే మొదటిసారి. తల్లి పోయినప్పుడు కూడా రాలేకపోయింది. ఇప్పుడు వచ్చింది ఒకే పని మీద. తమ్ముడు బ్లేజ్‌ను ఆ గొడవల్లోనే అవతలి పక్షం కుర్రాళ్ళు తీసుకుపోయారు. వాడిని ఎక్కడ పూడ్చారో తెలిసినవాళ్ళలో ఇప్పుడు ఆ పక్షపు సెవెరిన్ ఒక్కడే బతికున్నాడు. చర్చి వెనక తల్లి సమాధి పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలిపెట్టి ఉంచారు. అక్కడికి తమ్ముడి ఎముకలు చేర్చాలి.

శనివారం రెండు ఇళ్ళూ సమాధానపడే రోజు. ముందు సెవెరిన్ అందరి ఎదుటా ఆ చోటు చెప్తాడు. తర్వాత పంది, వక్క, సున్నం, రెండు వైపులవాళ్ళూ కలిసి భోజనం. ఆ వరస తప్పకూడదు. ఎందుకంటే ఒకసారి కలిసి తిన్నాక చచ్చినవాళ్ళ మాట ఎవరూ ఎత్తరు. అడగడానికీ ఉండదు, చెప్పడానికీ ఉండదు. ఆ కట్టుబాటే లేకపోతే ఈ దీవిలో ఇరుగుపొరుగు ఒకరి మొహం ఒకరు చూసుకోగలిగేవాళ్ళు కాదు. ఇక్కడ నేల తల్లి నుంచి కూతురికి వస్తుంది, పోయినవాళ్ళ లెక్కా ఆడవాళ్ళదే. తల్లి పోయాక ఆ ఇంటికి పెద్ద స్కొలాస్టికాయే. ఆమె తింటే ఇల్లంతా తిన్నట్టే.

ఆమెతో వచ్చిన మేనమామ లైనస్ డ్రైవరును వెంటబెట్టుకుని, ఎగువన రేవు దొరుకుతుందేమో చూసొస్తానని వెళ్ళాడు. ఆమె గట్టు మీదున్న ఇంటి చూరు కింద కూలబడింది. తడిక వెనక ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. కాసేపటికి ఒక బక్కపలచని మనిషి అరిటాకులో చామదుంప ముద్ద పెట్టుకుని వచ్చింది. దంచి, కొబ్బరిపాలు పోసిన, ఇంకా వెచ్చగా ఉన్న ముద్ద.

"ఎక్కణ్ణించక్కా?"

"రబౌల్."

"అంత దూరమా. ఒళ్ళు హూనమైపోయుంటుంది. తిను ముందు, మాటలెక్కడికి పోతాయి."

స్కొలాస్టికా తింది. హాస్టల్లో అందరికీ పెట్టి చల్లారింది తినే మనిషికి, ఒకరు వండి వేడిగా చేతికిస్తే ఎంత కాలమైందో. ఆకు మడతల్లో అంటుకున్న కొబ్బరిపాలు కూడా వేలితో తీసి నాకింది.

లైనస్ తిరిగొచ్చి ఆ ఆకు చూశాడు. ఇంటిని చూశాడు. నేల మీద చతికిలబడ్డాడు.

"ఏమైంది మామయ్యా?"

"ఎవరి చేతి కూడు తిన్నావే?" అన్నాడు నీరసంగా. "అది ఫిలొమెనా. సెవెరిన్ చెల్లెలు."

ఆ ఇల్లు పూర్వం కొండ మీద ఉండేది. కాలిపోయాక కిందికి దిగారని స్కొలాస్టికాకు ఎవరు చెప్పారు కనుక? ఫిలొమెనా సంగతీ అంతే. రబౌల్ నుంచి వచ్చే మనిషి బూట్లేసుకుని కారులో దిగుతుందనుకుందట. కొబ్బరి నూనె వాసనతో, తెగిన చెప్పులతో లారీలోంచి దిగిన మనిషే ఆమె అనుకోలేదట. చెప్తూ చెప్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లారీ జనం మూగారు. బయటికి కక్కేస్తే తిన్నట్టు లెక్కలోకి రాదని ఒకరన్నారు. లోపలికి పోయాక పోయినట్టేనని మరొకరు. లారీలో పక్కన కూర్చున్న ముసలమ్మ, పేరు అగాథా, ఉప్పునీళ్ళు తాగిస్తే సరిపోతుందని సలహా చెప్పింది. స్కొలాస్టికాకు కక్కడానికి కూడా ఓపిక లేదు. తమ్ముడు తన చేతిలోంచే జారిపోయాడు, ఒక చామదుంప ముద్దకు. అమ్మ పక్కనున్న చోటు ఇక అలాగే ఉంటుంది.

తడిక వెనక దగ్గు ఆగింది.

"చెల్లీ," అంది మగ గొంతు, సెవెరిన్‌ది. ఫిలొమెనాను కాదు, తననేనని స్కొలాస్టికాకు తెలిసింది. "శనివారం కోసమే ప్రాణం పట్టుకుని ఉన్నాను. ఆ మాట దించుకుని పోదామనుకున్నాను. ఇప్పుడు ఎవరికి చెప్పను?"

ఆ గొంతు మీద ఇన్నేళ్ళు పెంచుకున్న కోపం కోసం స్కొలాస్టికా లోపల వెతుక్కుంది. అది ఉంది, కానీ అదీ అలిసిపోయి ఉంది. తినేశాను, అయిపోయింది అనుకుంటే ఇక్కడికిక్కడే ఈ ముసలివాడితో తగువు తీరిపోతుంది. ఈ సాయంత్రమే తిరుగు లారీ ఎక్కి వెళ్ళి పడుకోవచ్చు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఆమెకే భయం వేసింది.

గోడ పట్టుకుని లేచింది.

"నేను తినలేదు," అంది.

లైనస్ తలెత్తాడు. ఆమె మూతి చివర కొబ్బరిపాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"ఆకు పట్టుకుని కూర్చున్నాను. ఎవరి ఇల్లో తెలిసి అవతల పారేశాను. అంతే జరిగింది."

అగాథా ఆమె మూతి వంక చూసింది. "నాకు శుక్లాలు పిల్లా. ఎదటి మనిషే కంటికి ఆనడు," అంది. డ్రైవరు తను ఏరు చూస్తున్నానన్నాడు. బియ్యం బస్తాల మీద కూర్చుని వచ్చిన మనిషి తను నిద్రపోయానన్నాడు. ఇందాక నిలబడి వాదించిన మనిషే. ఒక్కరూ నవ్వలేదు.

ఆఖరుకు అందరూ ఫిలొమెనా వైపు చూశారు. ఆమె మొహం తుడుచుకుని వచ్చి ఖాళీ ఆకు లాక్కుంది.

"ఆ ఇంటివాళ్ళకు నేనెందుకు పెడతాను?" అంది గట్టిగా, తడిక లోపలికి వినిపించేలా. "మా పంది కోసి, మా అన్న నోరు విప్పేదాకా మీకు మా గుమ్మంలో పచ్చి మంచినీళ్ళు పుట్టవు. లే, లే మా చూరు కిందనుంచి."

"నీ చూరు ఎవరిక్కావాలి?" అంది స్కొలాస్టికా.

శత్రువులు కూర్చోవలసినట్టే, ఎండలోకి పోయి గట్టు మీద కూర్చుంది. చూరు కింద చల్లగా ఉండేది. లోపల సెవెరిన్ మళ్ళీ దగ్గడం మొదలుపెట్టాడు. అంత మంచి ముద్ద పెట్టిన మనిషికి బాగుందని కూడా చెప్పకూడదు. శనివారం దాకా ఆ ఇంటివైపు తల తిప్పకూడదు. ఇక్కడికొచ్చాక కాస్త పగ దించుకుందామనుకుంటే, మళ్ళీ కొత్తగా ఎత్తుకోవలసి వచ్చింది.

పొద్దు వాలేసరికి నీళ్ళు తీశాయి. లారీ ఏట్లోకి దిగి, ఊగుతూ, మూలుగుతూ అవతలి గట్టెక్కింది. స్కొలాస్టికా వెనక్కి చూడలేదు. అగాథా సంచిలో చెయ్యి పెట్టి గట్టి బిస్కెట్ల పొట్లం తీసింది.

"పాపం, పొద్దుటినుంచీ ఎంగిలి పడలేదు కదా," అంది లారీ అంతా వినేలా. "తిను పిల్లా."

తిన్న ముద్ద ఇంకా గొంతుదాకా ఉంది ఆమెకు. అయినా అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే తీసుకుని, నీళ్ళు లేకుండా నమిలి, పొట్లం అయ్యేదాకా తింది.