తేడా తెలిసిందా అండీ?

ఆ డబ్బా కొన్న రోజే తీసుకెళ్ళి కొల్లేట్లో పారేసి ఉంటే నాకీ గుండెదడ ఉండేది కాదు.

ప్లేయరుకీ ఆంప్లిఫయరుకీ మధ్య పెట్టే డబ్బా అది. పైన రెండు గాజు వాల్వులు, పాతకాలం రేడియోల్లో ఉండేవే, ఎర్రగా వెలుగుతుంటాయి. పాట వాటి గుండా వెళితే గొంతుకి నిండుదనం వస్తుందని ఫోనులో ఎవడో చెప్పగా విని, ఏలూరు వెళ్ళి మరీ తెచ్చాను. బిగించి విన్నాను. తీసేసి విన్నాను. మళ్ళీ పెట్టి విన్నాను. ఆవగింజంత తేడా కూడా లేదు.

మోసపోయానని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోకుండా, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ వినిపించి, "తేడా తెలిసిందా అండీ?" అని అడగడం మొదలుపెట్టాను. పాస్టరు ఏలీయా గారు కళ్ళు మూసుకుని విని, "ఎంత తేడా అండీ అహరోను గారూ! పాడేవాళ్ళు ఎదురుగా కూర్చున్నట్టుంది" అన్నారు. మా క్వయర్లో పాడే స్నేహలత, "అబ్బో, చాలా ఉందండీ మాస్టారూ" అంది. మా ఆవిడ పుష్పలత కూడా పోపు వేస్తూ వంటింట్లోంచే, "బాగా తెలుస్తోందండీ" అంది.

అందరికీ తెలుస్తోంది. నాకే తెలియడం లేదు. దాంతో భయం పట్టుకుంది.

మా నాన్నకి సరిగ్గా ఈ వయసులోనే చెవులు పోయాయి. పోయాయని ఆయనకి తెలియదు. ఆ చెవులతోనే మా చర్చిలో పాట ఎత్తుకునేవాడు. శ్రుతిది ఒక దారి, ఆయనది ఒక దారి. వెనక బెంచీల్లో నవ్వు ఆపుకునేవాళ్ళని చూసి నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ఆయన పోయాక క్వయరు నా చేతికొచ్చింది. జనం నవ్వేదాకా ఉండకూడదు, ఈస్టరుకి ముందే తప్పుకుంటానని పాస్టరు గారికి చెప్పేయాలి. చెప్పాలంటే నోరు రాదు. ఆ పాటలు తీసేస్తే నేనెవర్ని, బళ్ళో లెక్కలు చెప్పుకునే ముసలి మాస్టర్ని.

ఇక కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. వాచీ చెవికి ఆనించుకునేవాణ్ణి. చేపల చెరువు గట్టెక్కి, నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందోనని వెనక్కి వెనక్కి నడిచేవాణ్ణి. "ఏమైనా పారేసుకున్నారా అండీ?" అని అడిగాడు కాపలా మనిషి. అన్నీ వినిపిస్తున్నాయి, ఆ దిక్కుమాలిన తేడా తప్ప.

శనివారం పొద్దున మా బావమరిది తోమా తాడేపల్లిగూడెం నించి వచ్చాడు. అక్కడ ఉల్లిపాయల వ్యాపారం అతనిది. అతను వచ్చేసరికి నేను తిక్క రేగి ఉన్నాను. డబ్బాకున్న తీగలు పీకేసి, ప్లేయర్ని తిన్నగా ఆంప్లిఫయరుకే కలిపేశాను. వాల్వులు మాత్రం ఊరికే వెలుగుతున్నాయి. పాట పెట్టానో లేదో, నేను అడక్కముందే తోమా తల ఊపాడు.

"అదంతా ఆ రెండు దీపాల మహిమ బావగారూ! ఏం తేడా, ఏం తేడా!"

గోదావరి జిల్లా వాణ్ణి కదా, మర్యాదగా కాఫీ ఇచ్చి సాగనంపాను. అతను వీధి మలుపు తిరగ్గానే వంటింట్లోకి పరిగెత్తాను.

"పుష్పా, నిజం చెప్పు. ఆ డబ్బాతో తేడా ఉందా?"

"ఏముంటుందండీ, అదే పాటగా."

"మరి బాగా తెలుస్తోందన్నావు?"

"మీరంత ముచ్చటపడి తెచ్చుకుంటే, లేదని మొహం మీద అంటామా అండీ?"

ప్రాణం లేచొచ్చింది. నా చెవులు బాగానే ఉన్నాయి. క్వయరు నాదే. పెద్దగా నవ్వాను. నవ్వుతూండగానే ఇంకో అనుమానం పుట్టుకొచ్చింది.

"అయితే ప్రతి క్రిస్మస్‌కీ క్వయరు బ్రహ్మాండమంటారే, అదీ మర్యాదకేనా?"

పుష్పలత గరిటె పక్కన పెట్టింది. "చెప్పమంటారా?"

"చెప్పు."

"మీరెత్తుకునే శ్రుతి మా ఆడవాళ్ళకి అందదండీ. మొదట్లో అరిచి అరిచి గొంతులు పోయేవి. తర్వాత మానేశాం. స్నేహలతా, నేనూ, అందరం పెదాలు ఆడిస్తాం అంతే. వినిపించేది మగవాళ్ళ గొంతులే."

"ఎప్పట్నించి?"

"మామయ్యగారి తర్వాత మీరు నిలబడ్డ దగ్గర్నించీ."

కోపం రావాల్సింది, రాలేదు. సిగ్గేసింది. నాన్నకి చెవులు లేక వినపడలేదు. నాకేం లేక వినపడలేదు?

మర్నాడు చర్చిలో కీబోర్డు వాయించే రూబెన్‌ని పిలిచి శ్రుతి బాగా దించమన్నాను. "మీకు కష్టమేమో అండీ" అన్నాడు. కష్టమే. అడుగున గొంతు గరగరలాడింది. పల్లవి ఎలాగో లాక్కొచ్చాను. చరణంలోకి వెళ్ళేసరికి నా వెనకనించి ఒక ఆడగొంతు మెల్లగా లేచింది. సన్నగా, తేటగా ఉంది. దాని వెంట ఇంకొన్ని లేచాయి గానీ, నా ధ్యాసంతా మొదటిదాని మీదే. మన ఊళ్ళో ఇంత బాగా పాడే మనిషి ఉందా, ఎవరో కొత్తగా వచ్చి నిలబడ్డారేమో అనుకుని తిరిగి చూశాను.

పుష్పలత.