పెంటమ్మ అంటేనే పలుకుతాను

నా పేరు పెంటమ్మ. నవ్వేవాళ్ళు ముందే నవ్వేసుకోండి, ఆ తర్వాత చెప్పేది వినండి. పేరు గొప్ప ఊరు దిబ్బ అని సామెత ఉంది కదా, నాకు పేరే దిబ్బ.

మాది దర్శి పక్క పల్లె. నాకు ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి, ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. వాళ్ళకు అయ్యవారిని అడిగి మంచి మంచి పేర్లే పెట్టారు. నాలుగోదాన్ని నేను పుట్టగానే మంత్రసాని మాబూబీ నన్ను చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టింది. మళ్ళీ తనే ఎత్తుకొచ్చి వాకిట్లో నిలబడి, “దిబ్బ మీద పిల్ల దొరికిందమ్మా, ఎవరన్నా కొనుక్కుంటారా?” అని కేకేసిందట. అమ్మ మంచంలోంచే చాటెడు తవుడు ఇప్పించి నన్ను కొనుక్కుంది. పారేసిన పిల్ల వైపు చావు కూడా చూడదని మా వైపు నమ్మకం. అందుకే ఆ పేరు. నేను బతికాను.

పుట్టినప్పట్నుంచీ ఆ పేరంటే నాకు మహా ఇష్టమని అబద్ధం చెప్పను. బడిలో ముక్కు మూసుకుని పిలిచేవాళ్ళు. “దూరంగా కూర్చోవే, కంపు” అన్నవాడి నెత్తిన పలకతో ఒక్కటిచ్చాను. పలక పగిలింది. ఏడుస్తూ ఇంటికొచ్చి, పేరు మారుస్తావా చస్తావా అని అమ్మ మీద విరుచుకుపడ్డాను. అమ్మ తిట్టలేదు. “ఇంతకు ముందు మూడు పేర్లు పిలిచానే. ఎవరూ పలకలేదు. పెంటమ్మా అంటే నువ్వు పలికావు” అంది. ఆ రోజు నుంచి నా పేరు జోలికి ఎవరొచ్చినా ఊరుకోలేదు.

యాభై ఏడో సంవత్సరం మాఘంలో నన్ను గుంటూరు దగ్గర పల్లెలో ఇచ్చారు. మామగారు చెంచురామయ్యకు పదెకరాల మిరప, ఊళ్ళో మంచి పరపతి. పెళ్ళి మా ఇంట్లో గనక పెంటమ్మగానే తాళి కట్టించుకున్నాను. అసలు గొడవ అత్తారింటి గడప దగ్గర మొదలైంది.

కొత్త దంపతులు ఒకరి పేరొకరు చెప్పి లోపలికి రావాలి కదా. ఆ ఒక్కసారికే, తర్వాత ఆడది మొగుడి పేరు జన్మలో ఎత్తకూడదు. గడపకు అడ్డం నిలబడే హక్కు ఆడపడుచుది. మా ఆయనకు అక్కచెల్లెళ్ళు లేరు. అందుకని మామగారి చెల్లెలు కోటిరత్నం రెండు చేతులూ చాచి నిలబడింది. నేను ఆయన పేరు గబగబా చెప్పేశాను. ఇప్పుడు మీకు మాత్రం చెప్పను. ఆయన వంతు వచ్చింది. నేల చూపులు చూస్తూ, “నేనూ, మా ఆవిడ పద్మావతీ వచ్చాం” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “పద్మావతి ఎవరండీ? ఆవిణ్ణే లోపలికి తీసుకెళ్ళండి. నేను బండెక్కి మా ఊరు పోతాను” అన్నాను.

చుట్టాలు గొల్లున నవ్వారు. కోటిరత్నం నవ్వలేదు. “ఓయమ్మో! గడప దాటకముందే ఇంత నోరా! ఆ పేరు పెట్టి నలుగురిలో ఎట్టా పిలుస్తామే? పేరంటానికి వచ్చినవాళ్ళు పారిపోరూ?” అంది. అత్తగారు సుబ్బరావమ్మ ఆవిడ వెనక నిలబడి, నా మొహం చూడకుండా, “ఈ ఇంట్లో నువ్వు పద్మావతివి. అంతే” అంది. ముహూర్తం దాటిపోతోందని తోడొచ్చిన మా పిన్ని వీపు మీద గిల్లింది. కుడికాలు లోపల పెట్టాను గాని పేరు ఒప్పుకోలేదు.

“పద్మా, అన్నానికి రా” అంటే వెళ్ళలేదు. రెండు పూటలు పస్తు పడుకున్నాను. మామగారు, “చెవుడా ఏం?” అన్నారు. “చెవులు శుభ్రంగా ఉన్నాయండీ మామయ్యగారూ. పిలిచింది నన్ను కాదు” అన్నాను. పొగరంటే పొగరే, కాదన్నదెవరు? మా ఆయన చాటుగా “ఏమే” అనేవాడు. ఆయన పేరు నేను పలకకూడదు, నా పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. ఇద్దరం పేర్లు లేనివాళ్ళలా కాపురం చేశాం.

చివరికి మామగారు తేల్చేశారు. “ఉగాది దాకా చూస్తాను. పద్మావతీ అంటే పలికావా, సరే. లేదంటే బండి కట్టించి పుట్టింటికి పంపిస్తాను. మీవాళ్ళే బుద్ధి చెప్పి పంపుతారు” అన్నారు. నాకు భయం వేసింది. మొగుడు వదిలేసినదని ఊరంతా ఏమంటుందో, మా అమ్మ నలుగురిలో ఎలా తిరుగుతుందో నాకు తెలియదా? రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. అయినా పలకలేదు.

ఉగాది ఇంకో పదిరోజులుందనగా ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బేసింది. కళ్ళం నిండా మిరపకాయ ఎండబోసి ఉంది. ఎండే కాయ మీద వాన పడిందంటే బూజుపట్టి తెల్లబడుతుంది, ఏడాది కష్టం నేలపాలే. ఇంటిల్లిపాదీ పరిగెత్తాం. నేను ఒక చివర కాయను కుప్పకు లాగుతున్నాను. అవతలి చివర నుంచి అత్తగారు, “పద్మా! పద్మా! ఇటు రావే!” అని పిలిచింది. విన్నాను. తలెత్తలేదు. మళ్ళీ పిలిచింది. గొంతు ఏదోలా ఉంది. చినుకులు మొదలయ్యాయి. అప్పుడు మా ఆయన, తండ్రి పక్కనే ఉండగా, “పెంటమ్మా! అమ్మ దగ్గరికి పోవే, కాయ తడిసిపోతోంది!” అని గొంతు చించుకుని అరిచాడు. ఒక్క పరుగున వెళ్ళాను. అత్తగారూ నేనూ చెరో కొస పట్టుకుని ఈతచాపలు కప్పేశాం.

నాలుగు చినుకులు రాల్చి మబ్బు వెళ్ళిపోయింది. మగవాళ్ళు అవతలి కుప్పల దగ్గరికి వెళ్ళారు. చూస్తే అత్తగారు నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“కాయ తడవలేదు కదా అత్తయ్యా, ఎందుకండీ?”

“కాయ కోసం కాదే” అంది. “నాకో ఆడపిల్ల ఉండేది. పద్మావతి. మబ్బేస్తే చాలు, తడవడానికి కళ్ళంలోకి పరిగెత్తేది. ఇట్టాగే పిలిచేదాన్ని. ఐదో ఏట అమ్మవారు పోసి పోయింది. ఉంటే నీ ఈడుదే. నువ్వొచ్చేదాకా పన్నెండేళ్ళు ఆ పేరు నోటితో అనలేదు. మళ్ళీ ఒక్కసారైనా పిలుచుకోవచ్చు కదా అనీ…”

నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఆవిడ పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. కానీ మాట మాత్రం మార్చలేదు.

“మా అమ్మకూ ముగ్గురు పోయారత్తయ్యా. వాళ్ళ పేర్లలో ఒక్కటి కూడా నాకు పెట్టలేదు. మీ పద్మావతికి ఇప్పుడు ఈ ఇంట్లో ఉన్నది ఆ పేరొక్కటే. అది కూడా నేను తీసేసుకుంటే ఆ పిల్లకు ఏం మిగులుతుంది? మీరు పిలుచుకోండి, రోజూ పిలుచుకోండి, ఆ పిల్లనే పిలవండి. నేను మాత్రం పలకను. పంపించేస్తే పోతాను.”

అత్తగారు నా మొహంలోకి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళింది. ఇక లాభం లేదనుకుని మర్నాడే పెట్టె సర్దుకున్నాను.

ఉగాదికి కోటిరత్నం వచ్చింది. వసారా నిండా చుట్టాలు. ఆవిడ నా వంక చూస్తూ, “ఏం వదినా, మీ పద్మావతి దారికొచ్చిందా? లేక ఇవాళే బండి కట్టిస్తున్నారా?” అంది. మామగారు గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపే అత్తగారు వంటింట్లోంచి బయటికి వచ్చింది.

“పద్మావతి నా కూతురు. పోయింది” అంది.

పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. మామగారి తల వాలిపోయింది. మా ఆయన తల్లి వైపే చూస్తూ నిలబడ్డాడు.

“ఇది నా కోడలు, పెంటమ్మ. నవ్వేవాళ్ళు నా మొహం చూసి నవ్వండి. ఆ పేరు పిలవడానికి నోరు రానివాళ్ళు ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా అడగక్కర్లేదు.” ఒక్కళ్ళూ నవ్వలేదు. అత్తగారు నా వైపు తిరిగింది. “పెంటమ్మా, విస్తళ్ళు వెయ్యవే.”

“ఆఁ, వస్తున్నానత్తయ్యా!” అని వీధి చివరిదాకా వినపడేలా పలికాను.